ఆట నేర్పేదేముంది అన్నవాళ్లకు ఫాగ్ అలెన్ జవాబు

"బాస్కెట్‌బాల్‌కు కోచ్ ఏమిటి? అది ఆడేదే గానీ నేర్పేది కాదు."

ఈ మాట అన్నది ఎవరో ఆట తెలియని మనిషి కాదు. ఆ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ జట్టులో ఆడుతున్న ఫారెస్ట్ అలెన్ అనే కుర్రాణ్ణి, దగ్గర్లోని బేకర్ యూనివర్సిటీ వాళ్లు తమ జట్టుకు కోచ్‌గా రమ్మని అడిగారు. ఆ కబురు విని నైస్మిత్ నవ్వి, శిష్యుడితో ఈ మాట అన్నాడని అలెన్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అలెన్ వెళ్లాడు. చదువు కోసం మధ్యలో ఆగిన మూడేళ్లు తప్ప, వెళ్లినవాడు దాదాపు యాభై ఏళ్లు ఆ పని వదల్లేదు. అమెరికా కాలేజీ క్రీడాసంఘం లెక్క ప్రకారం ఆయన జట్లు 746 ఆటలు గెలిచాయి. అందులో 590 ఒక్క కాన్సస్ జట్టువే.

ఆట నేర్పొచ్చు, ఓపిగ్గా నేర్పాలి, నేర్పేవాడు లెక్కల మాస్టారికి ఏమాత్రం తీసిపోని ఉపాధ్యాయుడు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. అలెన్ జీవితం దీనికి గట్టి సాక్ష్యమని నా నమ్మకం. ఆ సాక్ష్యంలో ఒక పెద్ద లోటు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి వాదిస్తే అది వాదన అనిపించుకోదు కాబట్టి దాని గురించీ రాస్తాను.

ముందు నైస్మిత్‌కు న్యాయం చేయాలి. ఆయన ఊరికే అన్న మాట కాదది. 1891 డిసెంబరులో, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) శిక్షణ బడిలో పనిచేస్తున్నప్పుడు, చలికాలంలో బయటికి వెళ్లలేక విసుగెత్తిపోయిన ఒక క్లాసు కుర్రాళ్లను ఆయనకు అప్పజెప్పారు. నాలుగు గోడల మధ్య, ఒకరినొకరు గుద్దుకోకుండా ఆడే ఆట కావాలి. బాల్కనీకి రెండు పీచు పళ్ల బుట్టలు కొట్టించాడు, సాకర్ బంతి తెప్పించాడు, 13 నియమాలు రాసి గోడకు అంటించాడు. క్లాసులో ఉన్నది పద్దెనిమిది మంది, కాబట్టి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. ఎవరైనా వచ్చి, నియమాలు చదువుకుని, వెంటనే ఆడేసుకోవాలన్నదే ఆయన ఉద్దేశం. ఆయన దృష్టిలో ఆట వ్యాయామం, నడవడికకు బడి. గెలుపు కోసం ఎత్తులు వేసే మనిషి బయట నిలబడి అరుస్తుంటే ఆయనకు నచ్చేది కాదు. 1898లో వైద్య పట్టాతో కాన్సస్ యూనివర్సిటీకి వచ్చి, అక్కడ ప్రార్థనలూ వ్యాయామమూ రెండూ చూసుకున్నాడు. కొన్నిసార్లు తన జట్టు ఆడే ఆటకు తానే అంపైరు. 1907 వరకు ఆయన ఆధ్వర్యంలో జట్టు 55 గెలిచి 60 ఓడింది. కాన్సస్ బాస్కెట్‌బాల్ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే.

ఆ అంకె చెప్పి నైస్మిత్‌ను ఎగతాళి చేసేవాళ్లంటే నాకు గిట్టదు. ఆయన కోచ్‌గా ఓడిపోలేదు, అసలు ఆ పనికి పూనుకోలేదు. నా అభ్యంతరం ఆయన మాట మీదే. "ఆట దానంతట అదే వస్తుంది" అన్న ఆ నమ్మకం మన బళ్లలో ఇప్పటికీ రాజ్యమేలుతోంది.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ మనకూ నిజంగానే ఒక దారి ఉంది. ఆ బడిలోనే చదువుకున్న హారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ శిక్షణ కళాశాల పెట్టాడు. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో అక్కడ తర్ఫీదు పొందినవాళ్లు మన బళ్లకూ డ్రిల్లు మాస్టార్లుగా వచ్చారు. వాళ్లు నేర్చుకున్న చదువు గొప్పది. వాళ్లకు మనం ఇచ్చిన స్థానం మాత్రం అందరికీ తెలిసిందే. పరీక్షలు దగ్గర పడితే ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడే. నేను చదివిన బడిలో ఆ పీరియడ్ లెక్కల్లోనో సైన్సులోనో కలిసిపోయేది. కలవని రోజున ఒక బంతి పారేసి "ఆడుకోండి" అనేవారు. ఆడుకున్నాం. ఐదేళ్లు ఆడినా నా ఆట ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

డిగ్రీలో చేరాక పీడీ సారు చూపించారు నేర్పడమంటే ఏమిటో. బుట్ట దాకా పరుగెత్తి బంతి వేసేటప్పుడు నేను కుడిచేత్తో వేస్తూ కుడికాలి మీదే లేచేవాణ్ణి. ఒళ్లంతా ఒక పక్కకు తిరిగిపోయేది, బంతి బోర్డు అంచుకు తగిలి ఎటో పోయేది. సారు బంతి లాక్కున్నారు. సిమెంటు కోర్టు మీద సుద్దముక్కతో రెండు పాదాల గుర్తులు గీశారు, ముందు కుడిది, తర్వాత ఎడమది. "బంతి సంగతి మర్చిపో. ఈ రెండు అడుగులూ వేసి, ఎడమకాలి మీద లే. కుడి మోకాలు పైకి రావాలి, చెయ్యి దాని వెంట వెళ్తుంది" అన్నారు. ఒక వారం పాటు బంతి లేకుండా అదే పని. పక్కన ఆడేవాళ్లు నవ్వేవాళ్లు. తర్వాత బంతి చేతికిచ్చారు. అప్పటి నుంచి ఆ షాట్ గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఐదేళ్ల "ఆడుకోండి" ఇవ్వలేనిది ఆ వారం ఇచ్చింది. అలెన్ గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఆ సుద్దముక్క గుర్తులే కనిపిస్తాయి.

అలెన్ పుట్టింది 1885లో, మిస్సోరీ రాష్ట్రంలోని జేమ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో. బేస్‌బాల్ ఆటలకు అంపైరుగా నిలబడి అరిచే అరుపు, పొగమంచులో ఓడలు హెచ్చరికగా మోగించే ఫాగ్‌హార్న్‌లా ఉండేదని "ఫాగ్" అన్న పేరు పడింది. ఒక పత్రికా రచయిత దాని స్పెల్లింగు కాస్త సోకుగా మార్చాడు, అదే స్థిరపడింది. కుర్రతనంలోనే పనికి ఒక హద్దు పెట్టుకోని మనిషి. 1907లో నైస్మిత్ నుంచి కాన్సస్ జట్టు అందుకున్నాక కూడా బేకర్‌ను వదల్లేదు. మరుసటి ఏడాది కాన్సస్‌తో పాటు, అదే ఊళ్లో అమెరికా మూలవాసుల పిల్లల కోసం ప్రభుత్వం నడిపిన హాస్కెల్ సంస్థ జట్టునూ చూశాడు.

అప్పుడు, అంతా గెలుస్తున్న సమయంలో, 1909లో అన్నీ ఆపేసి ఆస్టియోపతీ చదవడానికి కిర్క్స్‌విల్ వెళ్లిపోయాడు. ఎముకలు, కీళ్లు, కండరాలను చేతులతో సరిచేసే వైద్యం అది. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చే మలుపు ఇదే. ఆట నేర్పాలంటే ముందు ఒళ్లు తెలియాలని అనుకున్న కోచ్ ఆ రోజుల్లో ఎంతమంది ఉన్నారు? 1912లో పట్టా పుచ్చుకుని వారెన్స్‌బర్గ్ టీచర్ల కాలేజీలో చేరాడు. అక్కడ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆయనవే. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే బంతిని చేతుల్లో పట్టుకుని ఒకరినొకరు కుమ్ముకుంటూ పోయే ఆట. అంతకు కొద్ది ఏళ్ల ముందే, 1905లో, ఆ ఆటలో కుర్రాళ్లు చచ్చిపోతున్నారని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెద్ద యూనివర్సిటీల వాళ్లను పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. అలాంటి ఆటలో మైదానం పక్కన ఒక వైద్యుడే కోచ్‌గా నిలబడితే ఆ కుర్రాళ్ల తల్లులకు ఎంత ధైర్యం! తర్వాతి రోజుల్లో బెణుకులు, నడుం నొప్పులతో పేరున్న బేస్‌బాల్ ఆటగాళ్లు కూడా ఆయన చేతి వైద్యం కోసం వచ్చేవాళ్లు.

1919లో క్రీడా విభాగం అధిపతిగా కాన్సస్‌కు తిరిగి వచ్చాడు. 1920లో ఒక్క సీజను ఫుట్‌బాల్ జట్టునూ నడిపాడు: ఐదు గెలుపులు, రెండు ఓటములు, ఒక డ్రా. ఆ డ్రా గొప్పది. నెబ్రాస్కా మీద సగం ఆట అయ్యేసరికి 20–0తో వెనకబడ్డ జట్టు చివరికి 20–20 చేసింది. ఆ ఊపులోనే విద్యార్థులు కొత్త స్టేడియం కోసం చందాలు వేసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల స్మారకంగా కట్టిన ఆ స్టేడియం 1921లోనే తెరుచుకుంది. తర్వాత ఆయన ఫుట్‌బాల్ వేరేవాళ్లకు అప్పగించి బాస్కెట్‌బాల్‌కే ఉండిపోయాడు.

ఇంతకీ ఏం నేర్పేవాడు? మొదట నిలబడడం. మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి, ఎటైనా కదలడానికి సిద్ధంగా. ఫ్రీ త్రో, అంటే ఎదుటివాళ్లు ఫౌల్ చేస్తే ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్, రెండు చేతులతో కింది నుంచి ఊపి వేయమనేవాడు. చూడ్డానికి బాగోదు గానీ గురి తప్పదని ఆయన లెక్క. ఒక్కో కదలికకూ కారణం చెప్పేవాడు. 1924లోనే ఈ ఆట మీద పెద్ద పుస్తకం రాశాడు. నేర్పలేనిదైతే దాని మీద ఎవరూ పుస్తకం రాయరు కదా!

1927లో జరిగిన గొడవ ఆయన స్వభావాన్ని బాగా చూపిస్తుంది. బంతిని నేలకు కొడుతూ పరుగెత్తడం, అదే డ్రిబుల్, ఒక్కసారికి మించి కుదరదని నియమాల కమిటీ నిర్ణయించింది. ఒక్కసారి ఊహించండి, డ్రిబుల్ లేని బాస్కెట్‌బాల్! అలెన్ కోచ్‌లందరినీ కూడగట్టాడు, అయోవాలోని డిమోయిన్‌లో సమావేశం పెట్టించాడు. కోచ్‌ల జాతీయ సంఘం అలా పుట్టింది, మొదటి అధ్యక్షుడు ఆయనే. కమిటీ వెనక్కి తగ్గింది. బాస్కెట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని ఏళ్ల తరబడి పోరింది కూడా ఆయనే. 1936లో బెర్లిన్‌లో ఆ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌కెక్కినప్పుడు, ముసలి నైస్మిత్ అది కళ్లారా చూడాలని కోచ్‌ల సంఘం చందాలు పోగుచేసి పంపించింది. క్రీడాధికారులతో తగాదా పడ్డ అలెన్ మాత్రం వెళ్లలేదు. నేర్పడం కుదరదన్న గురువును, నేర్పేవాళ్లందరూ కలిసి ఓడెక్కించారు. ఇంతకన్నా మర్యాదైన జవాబు నేనెరగను. నైస్మిత్ కూడా తన ఫొటో ఒకటి ఇస్తూ దాని మీద "బాస్కెట్‌బాల్ పితామహుడి నుంచి బాస్కెట్‌బాల్ కోచింగ్ పితామహుడికి" అని రాశాడు. ఓటమి ఒప్పుకోవడం ఎలాగో తెలిసిన పెద్దమనిషి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, వింటూనే ఉంటాను. "కోచ్ గొప్పేముందండీ, టాలెంట్ ఉన్న కుర్రాళ్లు దొరికితే ఎవరైనా గెలుస్తారు." అలెన్ విషయంలో ఈ మాటకు ఆధారం లేకపోలేదు. పొడుగువాళ్లు ఆటను మింగేస్తున్నారు, బుట్టను పది అడుగుల నుంచి పన్నెండు అడుగులకు పెంచాలని ఏళ్లకేళ్లు వాదించిన మనిషి, ఆరడుగుల తొమ్మిది అంగుళాల క్లైడ్ లవ్లెట్‌ను ఇండియానా నుంచి ఒప్పించి తెచ్చుకున్నాడు. జాతీయ టైటిల్ గెలుద్దాం, 1952 ఒలింపిక్స్‌కు వెళ్దాం అని మాటిచ్చి మరీ తెచ్చుకున్నాడు. రెండూ నిజమయ్యాయి. 1952 ఫైనల్లో సెయింట్ జాన్స్ మీద 80–63తో గెలిచారు, అందులో 33 పాయింట్లు లవ్లెట్‌వే. హెల్సింకీకి వెళ్లిన అమెరికా జట్టులో ఏడుగురు కాన్సస్ కుర్రాళ్లే. అలెన్ సహాయ కోచ్‌గా వెళ్లాడు, బంగారు పతకం వచ్చింది.

సరే, మరి 1953 సంగతేమిటి? లవ్లెట్ వెళ్లిపోయాడు, ప్రధాన ఆటగాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది నిరుడు బెంచీ మీద కూర్చున్నవాళ్లు. లవ్లెట్‌కు బదులు దిగే బి.హెచ్. బార్న్ ఇప్పుడు ముందుకొచ్చాడు. ఆ జట్టు మళ్లీ ఫైనల్‌కు చేరి ఇండియానా చేతిలో 69–68తో, ఒకే ఒక్క పాయింటుతో ఓడింది. ఓడిన జట్టువాడైనా టోర్నమెంట్‌లో అత్యుత్తమ ఆటగాడు బార్న్ అన్నారు. నా మటుకు అలెన్ గొప్పతనానికి రుజువు 1952 కాదు, 1953. ఆ బెంచీ మీద పెద్దగా ఆడే అవకాశం రాని కుర్రాడొకడు ఉన్నాడు, పేరు డీన్ స్మిత్. బుద్ధిగా చూసి నేర్చుకున్నాడు.

ఈ పరంపర చూడండి. అలెన్ 1922, 1923 జట్లలో అడాల్ఫ్ రప్ ఉన్నాడు. కెంటకీ యూనివర్సిటీ కోచ్‌గా వెళ్లి, 1960ల చివర్లో గురువు గెలుపుల రికార్డును దాటి, 876 దగ్గర ఆగాడు. 1997లో ఆ రికార్డును దాటింది నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్, 879తో. దాదాపు అర్ధ శతాబ్దం పాటు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అతి పెద్ద రికార్డు ఒకే గురువు ఇంట్లో తిరిగింది. స్టాన్‌ఫర్డ్‌ను నడిపిన జాన్ బన్, నార్త్‌వెస్టర్న్‌ను నడిపిన డచ్ లాన్‌బోర్గ్, ఆరెగాన్ స్టేట్ రాల్ఫ్ మిల్లర్, వీళ్లంతా అక్కడివాళ్లే. పుట్టుకతో వచ్చే ప్రతిభ అయితే ఇంతమందికి ఒకే చోట ఎలా వస్తుంది? నేర్పితేనే వస్తుంది. హైదరాబాద్ బ్యాడ్మింటన్ చూసినవాళ్లకు ఇది వింత కాదు. ఆరిఫ్ సారు దగ్గర ఆడిన గోపీచంద్, గోపీచంద్ అకాడమీలో పెరిగిన సింధు.

1955లో కాన్సస్‌లో కట్టిన కొత్త ఇండోర్ స్టేడియానికి, ఆయన ఇంకా కోచ్‌గా ఉండగానే, ఆయన పేరు పెట్టారు. అది ఉన్న రోడ్డు నైస్మిత్ పేరు మీద, లోపలి కోర్టు కూడా నైస్మిత్ పేరు మీద, భవనం అలెన్ పేరు మీద. అదే ఏడాది ఫిలడెల్ఫియా నుంచి ఏడడుగుల విల్ట్ చాంబర్లిన్ వచ్చాడు. పన్నెండడుగుల బుట్ట సంగతి ఏమైందని అడిగితే తనకు మతిమరుపు వచ్చిందన్నాడట అలెన్! నవంబరు 18న, అలెన్‌కు 70 నిండిన రోజునే, మొదటి సంవత్సరం కుర్రాళ్లకూ పెద్ద జట్టుకూ మధ్య ఆట జరిగింది. విల్ట్ 42 పాయింట్లు వేశాడు, కుర్రాళ్లు 81–71తో పెద్ద జట్టును ఓడించారు. మొదటి ఏడాది వాళ్లు అసలు జట్టులో ఆడకూడదన్నది అప్పటి నియమం. డెబ్భై నిండితే ఉద్యోగం వదలాలన్నది రాష్ట్ర యూనివర్సిటీ నియమం. మినహాయింపు ఇవ్వమని అలెన్ అడిగాడు, ఇవ్వలేదు. 1956లో దిగిపోయాడు. విల్ట్‌ను అసలు ఆటలో నడిపించే యోగం ఆయనకు లేకపోయింది. మరుసటి ఏడాది శిష్యుడు డిక్ హార్ప్ నడిపిన ఆ జట్టు ఫైనల్లో, స్కోర్లు సమమై మూడుసార్లు అదనపు సమయం ఆడాక, నార్త్ కరోలినా చేతిలో 54–53తో ఓడింది. అలెన్ ఉంటే గెలిచేవారని కాన్సస్ అభిమానులు అంటారు. మనసుకు నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ నియమం అమలు చేసినవాళ్లను నేను తప్పుపట్టను. కోచ్ ఉపాధ్యాయుడే అని వాదించేవాణ్ణి, ఉపాధ్యాయులకున్న నియమం ఆయనకు వద్దంటే ఎలా? ఇప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలోకీ ఎక్కువ జీతం యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌కో బాస్కెట్‌బాల్ కోచ్‌కో వస్తోంది. దాన్ని నేను ఆటకు దక్కిన గౌరవంగా చూడలేను.

ఇక ఆ లోటు. 1933లో కాన్సస్ సిటీ నుంచి జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి కుర్రాడు, కోచ్ కావాలన్న కోరికతో ఈ యూనివర్సిటీలో చేరాడు. అప్పుడు జట్టు అలెన్ చేతిలో ఉంది. మెక్లెండన్‌కు అందులో చోటు లేదు. ఆటలో లోపం ఉండి కాదు, రంగు వల్ల. ఆ ప్రాంతపు యూనివర్సిటీల జట్లు నల్లవాళ్లను తీసుకోకూడదన్న రాయని ఒప్పందం మీద నడిచేవి. అలెన్ దాన్ని పాటించాడు. డ్రిబుల్ కోసం దేశమంతా కదిలించిన మనిషి దీనికోసం కదలలేదు. కాన్సస్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు లవాన్స్ స్క్వైర్స్ కనిపించేసరికి 1950లు వచ్చాయి. నోరు లేని మనిషైతే వేరే సంగతి. అలెన్ నోరు ఎంత పెద్దదో ఆయన ముద్దుపేరే చెబుతుంది.

మెక్లెండన్‌ను చేరదీసింది నైస్మిత్. ఆ కుర్రాడు నేరుగా ఆయన గదికి వెళ్లి, మీరే నా గురువు అని మా నాన్న చెప్పాడన్నాడు. నాన్నలు చెప్పింది ఎప్పుడూ నిజమే అవుతుందని ఆ పెద్దాయన ఒప్పేసుకున్నాడట. కోచింగ్ అనే పనే లేదన్న మనిషి ఒక కోచ్‌ను తయారుచేశాడు. 1936లో వ్యాయామ విద్యలో ఆ యూనివర్సిటీ పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి మెక్లెండన్. వేగంగా దూసుకుపోయే ఎత్తుగడ, కోర్టంతా వెంటపడి కాపలా కాయడం, ఇవి ఈ రోజు ప్రతి జట్టూ చేస్తుంది. వాటిని అంత ముందుగా పద్ధతిగా నేర్పినవాళ్లలో ఆయనొకడు. 1944లో డర్హామ్‌లో, తలుపులకు గడియ వేసుకుని, ఆయన నల్లజాతి కాలేజీ జట్టు డ్యూక్ వైద్య కళాశాల తెల్ల కుర్రాళ్లతో ఎవరికీ తెలియకుండా ఆడి 88–44తో గెలిచింది. బయటికి పొక్కితే పోలీసులు పట్టుకెళ్లే రోజులవి. టెనెసీ స్టేట్‌ను 1957, 58, 59లో వరుసగా మూడుసార్లు చిన్న కాలేజీల జాతీయ టైటిల్ గెలిపించాడు.

అలెన్ శిష్యుల్లోనే ఈ విషయంలో ఎంత తేడా ఉందో చూడండి. రప్ కెంటకీ జట్టులోకి నల్లజాతి ఆటగాడు వచ్చేసరికి 1960లు వెళ్లిపోతున్నాయి. డీన్ స్మిత్ 1966లోనే చార్లీ స్కాట్‌ను తీసుకున్నాడు. ఇద్దరికీ మోకాలు ఎలా వంచాలో నేర్పింది అలెనే. స్మిత్‌కు రెండో పాఠం మాత్రం ఇంట్లో దొరికింది. ఆయన తండ్రి ఎంపోరియా హైస్కూల్ కోచ్‌గా 1934లోనే నల్లజాతి కుర్రాణ్ణి జట్టులో ఆడించి రాష్ట్ర టైటిల్ గెలిచాడు. అంటే అదే కాన్సస్‌లో, అదే రోజుల్లో, ఒక హైస్కూల్ కోచ్ చేయగలిగిన పనిని రాష్ట్రంలోకెల్లా పేరున్న కోచ్ చేయలేదు. "ఆ కాలం అలాంటిది" అనే మాట ఇక్కడ చెల్లదు.

దీనివల్ల నా వాదన పోతుందని అనుకోను. ఆట నేర్పొచ్చన్నది అలెన్ తిరుగులేకుండా రుజువు చేశాడు. ఎవరికి నేర్పాలన్న ప్రశ్నకు మాత్రం ఆయన తన కాలం దాటి జవాబు చెప్పలేకపోయాడు. కాబట్టి కాన్సస్ పరంపర గురించి రాసేవాళ్లు రప్, స్మిత్ దగ్గర ఆగిపోతుంటే నేను ఒప్పుకోను. మెక్లెండన్‌ను, ఆటలో గొప్పవాళ్ల పేర్లు చేర్చే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1979లో ఆటకు సేవ చేసినవాడిగా చేర్చారు. కోచ్‌గా చేర్చింది 2016లో, ఆయన చనిపోయాక. ఆయన జీవితమంతా చేసిన పని కోచింగే.